స్పోర్ట్స్ కారులో కరెంటు తంటాలు: లోపం కనిపెట్టడం ఎలా? అప్‌గ్రేడ్ చేయించే ముందు ఏం చూసుకోవాలి?

చిద్రి (బీదర్): బీదర్ నుంచి హైదరాబాద్ దాదాపు 140 కిలోమీటర్లు. పెళ్ళి బట్టలైనా, పెద్దాసుపత్రి అయినా, సెకండ్ హ్యాండ్ కారైనా ఇక్కడి తెలుగువాళ్ళు ముందు చూసేది ఆ వైపే. షోరూము ధరకు అందని పోలో జీటీ టీఎస్‌ఐ, అబార్త్ పుంటో, ఆక్టేవియా ఆర్‌ఎస్, ఐ20 ఎన్ లైన్ వంటి కార్లు నాలుగైదేళ్ళు తిరిగాక చేతికందే ధరకు దిగుతాయి. కుర్రకారు మోజు పడేది వాటి మీదే. అయితే కారుతోపాటు పాత ఓనరు చేయించిన పనులు కూడా మనింటికి వస్తాయి. సీటు కింద ఆంప్లిఫయర్, ముందు ఎల్‌ఈడీ బల్బులు, రెండు మూడు హారన్లు, ఎక్కడో దాచిన జీపీఎస్ పరికరం... వీటిలో ఒక్కటీ అమ్మకం కాగితంలో ఉండదు.

ఈ కార్లలో ఇంజను కంటే ముందు ఇబ్బంది పెట్టేది వైరింగే. సరిగ్గా చూస్తే వంద రూపాయల ఫ్యూజుతో పోయే లోపం, తప్పుగా చూస్తే కంప్యూటరు మార్చేదాకా తీసుకెళ్తుంది. ఇంకా తప్పితే కారే కాలిపోతుంది. అప్పుడు బీమా కంపెనీ మొదట అడిగేది, "బయట వైరింగ్ ఏమైనా చేయించారా?" అని. అందుకే కారు ఉన్నవాళ్ళకు, కొనాలనుకునేవాళ్ళకు, ఆటో ఎలక్ట్రికల్ పని నేర్చుకుంటున్న పిల్లలకు పనికొచ్చేలా ఈ వివరాలు ఒకచోట ఇస్తున్నాం.

గ్యారేజీ మాటలు – అసలు పేర్లు

బీదర్ గ్యారేజీల్లో కన్నడం, దక్కనీ, తెలుగు కలిసి నడుస్తాయి. ఒకే సామానుకు రెండు మూడు పేర్లు వినిపిస్తాయి. బిల్లు మీద ఏ పేరు ఉందో, మీరు విన్నది ఏమిటో తెలియకపోతే డబ్బులు దేనికిచ్చారో అర్థం కాదు.

• డైనమో: ఇప్పటి కార్లలో ఉండేది ఆల్టర్నేటరు. ఇంజను తిరుగుతున్నంతసేపు కరెంటు పుట్టించి బ్యాటరీని నింపుతుంది.
• సెల్ఫ్: స్టార్టర్ మోటారు. బ్యాటరీ నుంచి అతి ఎక్కువ కరెంటు ఒక్కసారిగా లాగేది ఇదే.
• ఎర్త్, బాడీ: బ్యాటరీ నెగెటివ్ వైరు కారు ఇనుముకు కలిసే చోటు. కరెంటు తిరిగి వెళ్ళే దారి ఇది.
• రిలే: చిన్న స్విచ్చి కరెంటుతో పెద్ద కరెంటును నడిపే పెట్టె.
• మిస్సింగ్: సిలిండరులో నిప్పురవ్వ సరిగా పడక ఇంజను కొట్టుకోవడం.

స్పోర్ట్స్ కారుకు ప్రత్యేకత ఏమిటి?

ఏ కారులోనైనా కరెంటు దారి ఒకటే. బ్యాటరీ నుంచి ఫ్యూజు, అక్కడినుంచి స్విచ్చి లేదా రిలే, అక్కడినుంచి సామాను, మళ్ళీ ఎర్త్ ద్వారా బ్యాటరీకి. ఈ దారిలో ఎక్కడ తెగినా, ఎక్కడ తుప్పు పట్టినా, ఎక్కడ ఒరుసుకున్నా లోపమే.

స్పోర్ట్స్ కార్లలో మూడు తేడాలున్నాయి. ఒకటి, ఇంజను చుట్టూ జాగా తక్కువ, టర్బో వేడి ఎక్కువ. వైర్ల మీది ప్లాస్టిక్ తొందరగా గట్టిపడి పగుళ్ళిస్తుంది. రెండు, బరువు సమంగా ఉండాలని చాలా కార్లలో బ్యాటరీని డిక్కీలో పెడతారు. దానివల్ల పొడవాటి కేబుల్ కారు కింద నుంచో లోపల నుంచో ముందుకు రావాలి. మూడు, బ్రేకులు, గేరుబాక్సు, స్టీరింగ్, ఇంజను అన్నింటికీ వేర్వేరు కంప్యూటర్లుంటాయి. అవి రెండు సన్నని వైర్ల మీద మాట్లాడుకుంటాయి. బాష్ కంపెనీ 1986లో ప్రకటించిన క్యాన్ పద్ధతి ఇదే. పాత అంబాసిడర్‌లో వైరు కోసి అతికినట్టు ఇక్కడ ఎక్కడ పడితే అక్కడ కోస్తే, హారన్ కోసం చేసిన పని ఏబీఎస్ లైటు వెలిగించవచ్చు.

మీటరుతో మొదటి పది నిమిషాలు

ఏదైనా విప్పేముందు ఒక డిజిటల్ మల్టీమీటరు చేతిలో ఉండాలి. సామాన్య రకం చాలు. కారు రాత్రంతా ఆగి ఉన్నాక, ఉదయం తాళం తిప్పకముందు బ్యాటరీ రెండు కొనల మధ్య వోల్టేజీ చూడండి.

• 12.6 లేదా పైన: బ్యాటరీ నిండుగా ఉంది.
• 12.4 దగ్గర: ముప్పావు వంతు.
• 12.2 దగ్గర: సగం.
• 12.0 లేదా కింద: దాదాపు ఖాళీ. వెంటనే చార్జింగ్ పెట్టాలి.

తర్వాత ఒకరు సెల్ఫ్ కొడుతుంటే మీటరు చూడండి. 9.6 వోల్టుల కంటే కిందకు పడితే బ్యాటరీ బలహీనపడింది, లేదా సెల్ఫ్ మోటారు అతిగా లాగుతోంది. ఇంజను నడుస్తుండగా మళ్ళీ చూడండి. 13.8 నుంచి 14.7 మధ్య ఉంటే డైనమో బాగున్నట్టే. 13 కంటే కిందే ఉండిపోతే బ్యాటరీ నిండడం లేదు. 15 దాటితే రెగ్యులేటరు పోయింది, బ్యాటరీ ఉడికిపోతుంది. కొత్త కార్లలో కంప్యూటరే డైనమోను అదుపు చేస్తుంది కాబట్టి ఆ అంకె పైకీ కిందకీ ఆడుతుంది. అలాంటి కారులో హెడ్‌లైట్లు, ఏసీ వేసి కొద్ది నిమిషాలు గమనించాకే తీర్పు చెప్పాలి.

మీటరును ఏసీ వోల్టుల మీద పెట్టి కూడా ఒకసారి చూడండి. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ మీద అర వోల్టుకు మించి ఏసీ కనిపిస్తే డైనమోలోని డయోడు పోయినట్టు అనుమానించాలి. అలాంటి డైనమో పగలు నింపినట్టే నింపి, రాత్రి బ్యాటరీని ఖాళీ చేస్తుంది. ఈ ఒక్క పరీక్ష చేయక కొత్త బ్యాటరీ కొని, నెల తిరక్కుండానే మళ్ళీ తోసుకునేవాళ్ళున్నారు.

బీదర్ ఎండ సంగతి మరవొద్దు. లెడ్ యాసిడ్ బ్యాటరీకి వేడి పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సుమారు సగానికి తగ్గుతుందన్నది బ్యాటరీ వాళ్ళందరికీ తెలిసిన లెక్క. టర్బో పక్కనే బ్యాటరీ ఉన్న కారులో కంపెనీ ఇచ్చిన వేడి కవచాన్ని తీసి పారేయకూడదు.

సగం రోగాలు ఎర్త్ దగ్గరే

లైట్లు మసగ్గా ఉండడం, ఇండికేటర్ వేస్తే బ్రేకు లైటు కూడా మిణుకుమనడం, సెల్ఫ్ ఒకసారి తీసుకుని ఒకసారి తీసుకోకపోవడం... ఇవన్నీ చూసి ఒక్కో సామాను మార్చుకుంటూ పోతే జేబు ఖాళీ అవుతుంది. ముందు ఎర్త్ చూడాలి.

పద్ధతి సులువు. మీటరు నల్ల తీగ బ్యాటరీ నెగెటివ్ కొన మీద, ఎర్ర తీగ ఇంజను లోహం మీద పెట్టి, హెడ్‌లైట్లు, బ్లోయరు వేయండి. 0.2 వోల్టుల లోపు ఉండాలి. సెల్ఫ్ కొట్టేటప్పుడు 0.5 దాకా పర్వాలేదు. అంతకు మించితే దారిలో తుప్పో, వదులు బోల్టో ఉంది. ఇదే పద్ధతిలో బ్యాటరీ నుంచి బాడీకి, ఇంజను నుంచి బాడీకి, ఆంప్లిఫయర్ నుంచి బాడీకి విడివిడిగా చూస్తే దోషి దొరుకుతుంది. ఓములు కొలిచి "బాగుంది" అనుకోవడం పొరపాటు. కేబుల్లో ఒక్క పోగు మిగిలినా మీటరుకు అది బాగున్నట్టే కనిపిస్తుంది. సెల్ఫ్ కొట్టినప్పుడే దాని బండారం బయటపడుతుంది.

బిద్రీ కళ పుట్టిన ఊరివాళ్ళకు తుప్పు సంగతి కొత్తగా చెప్పనక్కర్లేదు. జింకు, రాగి కలిసిన లోహం మీద వెండి తాపి, కోట మట్టి, నవసాగరం కలిపిన నీళ్ళతో నల్లబరిస్తే వెండి మాత్రం తెల్లగా మెరుస్తుంది. ఆ రసాయన చర్య చెంబు మీద అందం, బ్యాటరీ టెర్మినల్ మీద చేటు. టెర్మినల్ మీద తెల్లటి, పచ్చటి పొడి కనిపిస్తే వంటసోడా కలిపిన వేడినీళ్ళతో కడిగి, ఆరనిచ్చి, గీరి, బిగించి, పైన పెట్రోలియం జెల్లీ రాయాలి. సోడా నీళ్ళు బ్యాటరీ లోపలికి పోకుండా మూతలు బిగించుకోవాలి. ముందు నెగెటివ్ విప్పాలి, చివర్లో నెగెటివ్ బిగించాలి. ఈ వరుస తప్పితే పానా బాడీకి తగిలి నిప్పులు చిమ్ముతుంది.

రాత్రికి రాత్రే బ్యాటరీ దిగిపోతే

కారు తాళం వేశాక కూడా అలారం, గడియారం, కంప్యూటరు జ్ఞాపకం కోసం కొద్దిగా కరెంటు వాడుతుంది. 50 మిల్లీఆంపియర్ల లోపు ఉంటే మామూలే. లెక్క చూడండి. 50 మిల్లీఆంపియర్లు అంటే రోజుకు 1.2 ఆంపియర్ గంటలు. 45 ఆంపియర్ గంటల బ్యాటరీ రెండు వారాలు ఆగినా సెల్ఫ్ తీసుకుంటుంది. అదే 500 మిల్లీఆంపియర్లు కారుతుంటే రోజుకు 12 ఆంపియర్ గంటలు. రెండు రోజుల్లో సగం ఖాళీ.

కనిపెట్టే పద్ధతి ఇది. బానెట్ తెరిచి ఉంచి, బానెట్, డోర్ల లాచీలను స్క్రూడ్రైవరుతో మూసినట్టు నొక్కండి. కీలెస్ తాళం చెవిని ఇంట్లో దూరంగా పెట్టండి. మీటరును పది ఆంపియర్ల మీద పెట్టి నెగెటివ్ కేబులుకూ బ్యాటరీకీ మధ్య కలపండి. 30 నుంచి 45 నిమిషాలు ఆగాలి. కంప్యూటర్లు నిద్రపోయేదాకా అంకె ఎక్కువగానే ఉంటుంది. ఆ తర్వాత కూడా తగ్గకపోతే లోపం ఉన్నట్టే. మీటరు కలిపి ఉండగా సెల్ఫ్ మాత్రం కొట్టొద్దు, మీటరులోని ఫ్యూజు పోతుంది.

ఇప్పుడు ఫ్యూజులు ఒక్కొక్కటే పీకితే కంప్యూటర్లు మళ్ళీ మేల్కొంటాయి. దానికంటే మంచి మార్గం, ఫ్యూజును కదపకుండా దాని వెన్ను మీద కనిపించే రెండు లోహపు చుక్కల మధ్య మిల్లీవోల్టులు కొలవడం. సున్నా ఉంటే ఆ దారిలో కరెంటు లేదు. ఏదో ఒక ఫ్యూజు మీద అంకె కనిపిస్తే దొంగ ఆ దారిలోనే ఉన్నాడు. సాధారణంగా దొరికేవి: పార్కింగ్ మోడ్‌లో వదిలేసిన డ్యాష్‌క్యామ్, ఎప్పుడూ కరెంటు ఉండే వైరుకు కలిపిన ఆంప్లిఫయర్ రిమోట్ తీగ, ఆరని డిక్కీ లైటు, అతుక్కుపోయిన రిలే, పాత ఓనరు ఫైనాన్స్ కంపెనీ బిగించిన జీపీఎస్.

చెక్ ఇంజన్ లైటు వెలిగితే

స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ సాకెట్‌కు చిన్న బ్లూటూత్ పరికరం తగిలిస్తే ఫోన్లో కోడ్ కనిపిస్తుంది. కోడ్ చెప్పేది రోగ లక్షణం. ఏ సామాను మార్చాలో అది చెప్పదు. తరచూ వచ్చేవి:

• పీ0562: వోల్టేజీ తక్కువ. డైనమో, బెల్టు, ఎర్త్ చూడాలి.
• పీ0300 నుంచి పీ0304: మిస్సింగ్. చివరి అంకె సిలిండరు నంబరు, సున్నా అయితే ఏదో ఒకటి అని కాదు, వేర్వేరు సిలిండర్లలో వస్తోందని.
• పీ0335: క్రాంక్ సెన్సరు. వేడెక్కాక ఆగి, చల్లబడ్డాక స్టార్టయ్యే కారులో దీన్ని అనుమానించాలి.
• యూ0100: ఇంజను కంప్యూటరుతో మాటలు తెగిపోయాయి. ముందు బ్యాటరీ, ఫ్యూజులు, తర్వాత క్యాన్ వైర్లు.

మిస్సింగ్ ఒకే సిలిండరులో వస్తుంటే ఆ కాయిల్‌ను పక్క సిలిండరుకు మార్చి నడపండి. కోడ్ కూడా కాయిల్ వెంట మారితే కాయిల్ పోయింది. మారకపోతే ప్లగ్గు, ఇంజెక్టరు, వైరు చూడాలి. పైసా ఖర్చు లేని పరీక్ష ఇది. ట్యూనింగ్ చేయించి టర్బో ఒత్తిడి పెంచిన కారులో ప్లగ్గు గ్యాప్ ఎక్కువుంటే నిప్పురవ్వ ఆరిపోతుంది. అది కాయిల్ లోపంలాగే కనిపిస్తుంది.

క్యాన్ వైర్ల పరీక్షకు బ్యాటరీ నెగెటివ్ తీసి, ఓబీడీ సాకెట్‌లో 6, 14 పిన్నుల మధ్య ఓములు చూడాలి. చాలా కార్లలో దాదాపు 60 వస్తే దారి బాగున్నట్టు. 120 వస్తే ఒక వైపు తెగింది. సున్నాకు దగ్గరైతే రెండు వైర్లు షార్ట్ అయ్యాయి.

ఒక హెచ్చరిక. పసుపు రంగు కనెక్టర్లు ఎయిర్‌బ్యాగువి. వాటిలో టెస్ట్ ల్యాంపు గుచ్చితే బ్యాగు ముఖం మీదే పేలవచ్చు. ఆ పని కంపెనీ వర్క్‌షాపుకే వదిలేయాలి.

వాన, ఎర్రమట్టి, ఎలుకలు

అద్దం కింద వైపర్ల దగ్గర ఉండే జాలీలో వేపాకులు పేరుకుంటే వాననీళ్ళు పోయే రంధ్రాలు మూసుకుంటాయి. ఆ నీళ్ళు ఫ్యూజు బాక్సులోకో, కాళ్ళ దగ్గర కార్పెట్ కింద ఉన్న కంప్యూటరులోకో దిగుతాయి. వర్షాలు మొదలయ్యే ముందు ఆ రంధ్రాలు శుభ్రం చేయించడం అరగంట పని. సన్‌రూఫ్ ఉన్న కారులో నాలుగు మూలల గొట్టాలు కూడా చూడాలి. బీదర్ ఎర్రమట్టి దుమ్ము కనెక్టర్లలో చేరి, దానికి తేమ తగిలితే తుప్పు ఎక్కుతుంది. ఇంజనును ప్రెషర్ వాషరుతో కడిగించడం మంచిది కాదు. తడి గుడ్డ, బ్రష్షు, కాంటాక్ట్ క్లీనరు చాలు.

పొలాల పక్కన, గోదాముల పక్కన నిలిపే కార్లకు ఎలుకల బెడద ఎక్కువ. వారానికొకసారైనా కారు తీయడం, బానెట్ కింద తిండి గింజలు, గడ్డి కనిపిస్తే వెంటనే శుభ్రం చేయడం, కొరికిన చోట వైర్ల మీద మెష్ తొడగడం పనిచేసే ఉపాయాలు. కొరికిన వైరుకు టేపు చుట్టి వదిలేస్తే వేడికి జిగురు కరిగి టేపు జారిపోతుంది. క్రింప్ చేసి, హీట్ ష్రింక్ గొట్టం తొడిగించాలి.

అప్‌గ్రేడ్: ముందు లెక్క, తర్వాత సామాను

ఫ్యూజు కాపాడేది వైరును, సామానును కాదు. ఈ ఒక్క మాట గుర్తుంటే సగం ప్రమాదాలు తప్పుతాయి. 10 ఆంపియర్ల ఫ్యూజు పోతుంటే 30 వేయడం, సిగరెట్ ప్యాకెట్ రేకు చుట్టడం అంటే ఫ్యూజు బదులు వైరే కాలాలని కోరుకోవడం.

లైట్లు: కంపెనీ హెచ్4 బల్బు 60/55 వాట్లు. 12 వోల్టుల దగ్గర 60 వాట్లంటే 5 ఆంపియర్లు. బజారులో దొరికే 100/90 వాట్ల బల్బులు రెండూ కలిపి 16 ఆంపియర్లకు పైగా లాగుతాయి. సన్నని వైరు, ప్లాస్టిక్ హోల్డరు ఆ వేడికి కరుగుతాయి. రోడ్డు మీద అవి చట్టబద్ధమూ కావు. నిజానికి చాలా పాత కార్లలో లోపం బల్బుది కాదు. స్విచ్చి, సన్నని వైర్ల మీద ఒక వోల్టు తగ్గితే హాలోజన్ వెలుగు దాదాపు నాలుగో వంతు పడిపోతుంది. రిలే, మంచి వైరు వేయించి, అదే 60/55 బల్బు పెడితే తేడా కంటికి తెలుస్తుంది. హాలోజన్ కోసం చేసిన డూములో ఎల్‌ఈడీ పెడితే వెలుతురు చెదిరి ఎదుటివాడి కళ్ళలో పడుతుంది. రాత్రిపూట జహీరాబాద్ నుంచి హుమ్నాబాద్ వైపు 65వ నంబరు జాతీయ రహదారి మీద నడిపినవాళ్ళకు ఆ బాధ తెలుసు.

ఆంప్లిఫయర్: 1000 వాట్లు నిజంగా ఇచ్చే ఆంప్లిఫయర్ దాదాపు 90 ఆంపియర్లు లాగుతుంది. డిక్కీదాకా ఐదు మీటర్ల దూరం అనుకుంటే 16 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్లో అర వోల్టు దాకా పోతుంది. 25 వేస్తే 0.3కు తగ్గుతుంది. చవగ్గా వచ్చే కేబుళ్ళలో రాగి పూత పూసిన అల్యూమినియం ఉంటుంది. దానికి ఒక సైజు ఎక్కువ తీసుకోవాలి. కోసి చూస్తే లోపల తెల్లగా కనిపిస్తుంది. ఫ్యూజును ఆంప్లిఫయర్ దగ్గర మాత్రమే కాదు, బ్యాటరీకి ఒకటిన్నర అడుగు లోపల తప్పనిసరిగా పెట్టాలి. ఇనుప గోడలోంచి కేబుల్ దాటే చోట రబ్బరు బుష్ లేకపోతే, కుదుపులకు ఒరుసుకుని ఒకరోజు షార్ట్ అవుతుంది. కార్లలో మంటలకు ఇది బాగా తెలిసిన కారణం.

బ్యాటరీ: సిగ్నల్ దగ్గర తానే ఆగి తానే స్టార్టయ్యే కారుకు ఏజీఎం లేదా ఈఎఫ్‌బీ రకమే వేయాలి. మామూలుది పెడితే తొందరగా పోతుంది. కొన్ని జర్మన్ కార్లలో కొత్త బ్యాటరీ వేశామని స్కానరుతో కంప్యూటరుకు చెప్పాలి. లేకపోతే పాతదనుకుని చార్జింగ్ చేస్తుంది. రేసు కార్లలో వాడే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ సగం బరువు కూడా ఉండదు. కానీ మీ డైనమో వోల్టేజీకి అది సరిపోతుందో లేదో తెలుసుకోకుండా కొనొద్దు. పాత బ్యాటరీని దుకాణానికే తిరిగి ఇవ్వాలి. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు చెప్పేదీ అదే. సీసం, ఆమ్లం ఇంటి పిల్లలకు విషం.

డైనమో: పెద్దది వేస్తే దాని నుంచి బ్యాటరీకి వెళ్ళే కేబుల్, ఇంజను ఎర్త్ కూడా పెద్దవి కావాలి. లేకపోతే కొత్త బలం పాత వైరును కాల్చడానికే పనికొస్తుంది.

పాత విలాయతీ కార్లు, కొత్త బ్యాటరీ కార్లు

ఎంజీబీ వంటి పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కార్లు 1967 దాకా పాజిటివ్ ఎర్త్‌తో వచ్చాయి. అంటే బాడీకి కలిసేది పాజిటివ్. అలాంటి కారుకు ఇప్పటి స్టీరియోనో, ఎలక్ట్రానిక్ ఇగ్నిషనో మామూలుగా కలిపితే క్షణంలో కాలిపోతుంది. వాటిలో ఉండేది నిజమైన డైనమో. కటౌట్ అనే మాట కూడా ఆ కాలం రెగ్యులేటరు పెట్టె నుంచే గ్యారేజీల్లో మిగిలింది.

రెండో కొసన ఎలక్ట్రిక్ కార్లున్నాయి. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ పోటీ జరిగింది. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచారు. ఆ కార్లు 350 కిలోవాట్ల దాకా బలం ఇస్తాయి. బ్రేకు వేసినప్పుడు 600 కిలోవాట్ల దాకా తిరిగి బ్యాటరీకి పంపగలవు. రోడ్డు మీది ఎలక్ట్రిక్, హైబ్రిడ్ కార్లలో నారింజ రంగు కేబుళ్ళు వందల వోల్టులవి. 12 వోల్టుల పని వచ్చినంత మాత్రాన వాటిని ముట్టకూడదు. ప్రత్యేక శిక్షణ, రబ్బరు గ్లౌజులు, కరెంటు పూర్తిగా ఆపే పద్ధతి తెలిసినవాళ్ళే తాకాలి.

చట్టం, బీమా ఏం చెబుతున్నాయి?

• మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ నిర్దేశాలకు, ఆర్‌సీ వివరాలకు భిన్నంగా కారును మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది.
• 2019 సవరణ తర్వాత అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు.
• రాగాలు మార్చే హారన్లకు అనుమతి లేదు.
• తెలంగాణ కారును కర్ణాటకలో ఏడాదికి మించి ఉంచితే ఇక్కడి నంబరు తీసుకోవాలి. బీదర్ కోడ్ కేఏ-38. ఎన్‌వోసీ లేకుండా కారు కొనొద్దు.
• కొన్న 14 రోజుల్లోపు బీమా పాలసీని మీ పేరుకు మార్చమని దరఖాస్తు ఇవ్వాలి. పాత ఓనరు పేరు మీదే వదిలేస్తే కారు నష్టానికి డబ్బు రావడం కష్టం.
• మామూలు ప్యాకేజీ పాలసీలో మంటలు, తనంతట తాను అంటుకోవడం వల్ల నష్టానికి రక్షణ ఉంది. కరెంటు సామాను పాడవడానికి లేదు. కంపెనీ ఇవ్వని స్టీరియో, లైట్లు, ఆంప్లిఫయర్లకు ఐఎంటీ-24 అనే ఎండార్స్‌మెంట్ ఉంది. వాటి విలువ చెప్పి అదనపు ప్రీమియం కట్టాలి. చెప్పకుండా బిగించి, కాలిపోయాక అడిగితే వాదన బలహీనపడుతుంది.

పాలసీ కాగితం ఇంగ్లీషులోనో కన్నడంలోనో ఉంటుంది. సంతకం చేసే ముందు చదువుకున్న పిల్లల చేత చదివించుకోండి. వైరింగ్ పని ఎక్కడ చేయించినా ఏం సామాను వేశారో రాయించిన బిల్లు తీసుకుని ఆర్‌సీతోపాటు దాచుకోండి.

జంప్ స్టార్ట్, మంటలు

జంపర్ కేబుళ్ళు కలిపే వరుస: ఎర్రది దిగిపోయిన బ్యాటరీ పాజిటివ్‌కు, రెండో ఎర్ర కొన మంచి బ్యాటరీ పాజిటివ్‌కు. నల్లది మంచి బ్యాటరీ నెగెటివ్‌కు, చివరి నల్ల కొన దిగిపోయిన కారు ఇంజను లోహానికి, బ్యాటరీకి దూరంగా. బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వాయువు వస్తుంది. నిప్పురవ్వ దాని దగ్గర పడకూడదు. తీసేటప్పుడు ఇదే వరుస వెనక నుంచి. బ్యాటరీ డిక్కీలో ఉన్న కార్లకు ముందు బానెట్ కింద జంప్ కోసం వేరే కొన ఉంటుంది.

కాలిన వాసన వస్తే పక్కకు ఆపి, ఇంజను కట్టేసి, అందర్నీ దించేయండి. సామాన్ల కోసం మళ్ళీ లోపలికి వెళ్ళొద్దు. పొగ వస్తున్న బానెట్‌ను పూర్తిగా ఎత్తితే గాలి తగిలి మంట భగ్గుమంటుంది. ఏబీసీ పొడి సిలిండరు ఉంటే కొద్దిగా తెరిచిన సందులోంచి కొట్టాలి. మంట పెద్దదైతే దూరంగా జరిగి 112కు గానీ 101కు గానీ ఫోన్ చేయాలి.

పని నేర్చుకోవాలనుకునే పిల్లలకు

ఐటీఐలలో మెకానిక్ ఆటో ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్ అనే ట్రేడు ఉంది. ఇంజనీరింగ్ పిల్లలకు ఏటా జరిగే ఫార్ములా భారత్ పోటీలో ఎలక్ట్రిక్ కార్ల విభాగం కూడా ఉంది. ఒక రేసు కారు వైరింగ్ మొదటి తీగ నుంచి చివరి ఫ్యూజు దాకా తామే వేసుకుంటారు. పాత కార్లు పెరిగేకొద్దీ, కొత్త కార్లలో కంప్యూటర్లు పెరిగేకొద్దీ మీటరు చదవగలిగిన చేతికి పని తగ్గదు. టెస్ట్ ల్యాంపు ఒక్కటే నమ్ముకున్నవాళ్ళు మాత్రం వెనకబడతారు.

కొనే ముందు చూసుకోవాల్సినవి

1. ఉదయం చల్లటి ఇంజనుతో వోల్టేజీ, సెల్ఫ్, డైనమో మూడూ మీటరుతో చూడాలి.
2. తాళం తిప్పగానే హెచ్చరిక లైట్లన్నీ వెలిగి ఆరాలి. ఎయిర్‌బ్యాగు లైటు అసలు వెలగకపోతే బల్బు తీసేసి ఉండవచ్చు.
3. ఓబీడీ కోడ్‌లు చూడాలి. ఒక్క కోడ్ కూడా లేకుండా, లోపలి పరీక్షలన్నీ "పూర్తికాలేదు" అని చూపిస్తే, ఇప్పుడే చెరిపేశారని అర్థం.
4. బ్యాటరీ పాజిటివ్ మీద కంపెనీవి కాని వైర్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టాలి. ప్రతిదానికీ ఫ్యూజు ఉందా?
5. ఫ్యూజు బాక్సు మూత మీద రాసిన అంకెలు, లోపలి ఫ్యూజుల అంకెలు ఒకటేనా?
6. కార్పెట్ కింద తడి, డిక్కీలో స్టెప్నీ గుంతలో నీళ్ళు ఉన్నాయా?
7. తాళం చెవులు రెండూ ఉన్నాయా? బీమా, ఎన్‌వోసీ, ఆర్‌సీ పేర్లు సరిపోతున్నాయా?

ఈ ఏడింటికీ గంటకు మించి పట్టదు. బేరం కుదరకముందే ఆ గంట అడగండి. అమ్మేవాడు ఒప్పుకోకపోతే ఆ కారు వదిలేయడమే మంచిది.